కాటా గది నుంచి మూడో మెయిలు

గార్డెన్ రీచ్ అనే ఓడరేవు పేటలో, నది ఒడ్డున, ఒక పాత జనపనార గోదాము ఉంది. ఓడల సరుకు చూసుకునే ఒక ఏజెంటు దాన్ని ఆఫీసుగా మార్చుకున్నాడు. ముందు భాగంలో మేడ మీద ఆఫీసు. వెనక భాగంలో, నేల కంటే నడుం లోతు దిగువన, అయిదు మెట్లు దిగితే ఒక గది. ఒకప్పుడు అక్కడ బేళ్లు తూచేవారట. అందుకని కాటా గది అంటారు.

ఆ గదికి మంచి పేరు లేదు.

అమావాస్య రాత్రి... పౌర్ణమి రాత్రి... ఆ గది మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది — అని చెబుతారు.

పిలిచేది ఎవరంటే, బేళ్ల కింద నలిగి చచ్చిపోయిన ఒక కూలీ. ఎప్పుడు చచ్చిపోయాడో ఎవరికీ తెలియదు. శ్రీకాకుళం వాళ్లు చెబితే అతనిది పలాస. బీహారు వాళ్లు చెబితే ఛప్రా. ఒరియా వాళ్లు చెబితే గంజాం. ఇన్ని ఊళ్లు తగిలించారు గాని, పాపం, ఆ మనిషికి పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. పేరు లేనివాడు అందరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడట!

నేను కళ్లతో చూసింది ఏమీ లేదు. కొంత ఆ ఆఫీసులో ఆపరేటరుగా పనిచేసే మా మరిది గోవిందరాజు చెప్పగా విన్నాను, కొంత తరువాత అక్కడ చేరిన లోయిస్ అనే అమ్మాయి చెప్పగా విన్నాను. ఏది ఎవరు చెప్పారో విడదీసే చెబుతాను. సొంత ఊరికి ఇంత దూరాన ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్నాను. వాళ్ల చెవిన ఏ మాట పడుతోందో, అందులో నిజం ఎంతో చూసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడి బెంగాలీలు ఆ పిలిచేదాన్ని నిశి అంటారు. రాత్రి పూట బాగా తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. ఒకసారి... రెండుసార్లు... అంతే. మూడోసారి పిలవడం దానికి చేతకాదు. అందుకని రాత్రి ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు. తొందరపడి పలికితే, దాని వెనకే నడిచి నీళ్లలోకి పోతారు. మా శ్రీకాకుళం ముసలమ్మలు కూడా సరిగ్గా ఇదే చెప్పేవారు. ఈ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలకీ ఎంత ఐకమత్యమో!

సరే. రెండువేల ఏడు, వానాకాలం.

ఆ కాటా గదిలో అప్పటికే ఆఫీసు సర్వరు పెట్టారు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందని పెట్టారు. నది పక్కన నడుం లోతు గొయ్యిలో కరెంటు సామాను పెట్టవచ్చా అని ఎవరూ ఆలోచించలేదు. అమావాస్యకీ పౌర్ణమికీ నదికి పోటు ఎక్కువ. ఆ పోటుకి పాత కాలువలోంచి నీళ్లు గదిలోకి ఊరతాయి. తోడెయ్యడానికి మూలన ఒక పంపు పెట్టారు. పంపు మూతికి పాత జనపనార పీచు అడ్డం పడుతుంది. అది తియ్యడానికి బైరాగిని పెట్టారు.

బైరాగి మా వైపు మనిషే. అరవై దాటాయి. డాక్‌లో బేలు మీద పడి ఎడమకాలు పోయినంత పని అయింది. చదువు రాదు. రాత్రిళ్లు ఆ గదిలోనే, పంపు పక్కన బల్ల మీద పడుకుంటాడు.

సర్వరు చూసేది కోదండం. సోంపేట మనిషి. వాట్‌గంజ్‌లో ఒక్కడే గది తీసుకుని ఉండేవాడు. ఆషాఢంలో కామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేరాడు. వారం తిరగకుండా పోయాడు.

పోయిన పదకొండో రోజు పౌర్ణమి. ఆ రాత్రి పన్నెండు కావస్తుంటే మేడ మీద డ్యూటీలో ఉన్న తపన్ అనే బెంగాలీ కుర్రాడి కంప్యూటరు టింగ్‌మంది.

మెయిలు వచ్చింది.

పంపింది — కోదండం.

విషయం అని ఉండే చోట, బెంగాలీలో, ఒకే ముక్క. తపన్, కిందికి రా.

అరగంటకి ఇంకోటి. అదే ముక్క... ఆ తరువాత ఏమీ లేదు. తెల్లవార్లూ తపన్ ఎదురు చూశాడట. మూడోది రాలేదు.

చచ్చినవాడు. పౌర్ణమి. కాటా గది. రెండే పిలుపులు. ఇంక వేరే సాక్ష్యం కావాలా? మర్నాటికల్లా ఆఫీసు తీర్పు చెప్పేసింది. ఆ తరువాతి అమావాస్యకి ఇంకో ఆపరేటరుకి వచ్చింది, అతని భాషలో, అతని పేరుతో. మళ్లీ పౌర్ణమికి గోవిందరాజుకి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. గోవిందరాజూ, కిందికి రా.

అంతమందిలో ఒక్కరూ ఆ మెయిలు తెరవలేదు. ఎందుకు తెరవలేదని అడిగితే గోవిందరాజు నావైపు జాలిగా చూశాడు.

“తెరిస్తే పలికినట్టే కదా వదినా.”

బీకాం చదివాడు. రెండేళ్లు కంప్యూటరు కోర్సు కూడా చేశాడు.

మెయిలు తెరవడానికి భయపడ్డవాళ్లు మిగిలినవన్నీ చేశారు. ప్రతి మే నెలలోనూ దేవుడు లేడని ఉపన్యాసం ఇచ్చే యూనియన్ దాదా స్వయంగా వచ్చి సర్వరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. బొడొబాబు, అంటే ఆ ఆఫీసు పెద్ద గుమాస్తా, మూడు హుకుములు ఇచ్చాడు. కోదండం ఖాతా ఎవరూ ముట్టుకోకూడదు. సర్వరు తెర మీద ఏది ఉందో అది అలాగే ఉండాలి. రాత్రి పది దాటగానే కాటా గది ఇనప కటకటాలకి బయట నుంచి తాళం పడాలి — లోపల ఉన్నది లోపలే ఉండేట్టు.

తాళంచెవి డ్యూటీలో ఉన్న ఆపరేటరు జేబులో ఉంటుంది.

మరి లోపల బైరాగి ఉంటాడు కదా?

ఈ మాట నేనే అడిగాను. “ఆడికి అలవాటే,” అన్నాడు గోవిందరాజు.

తెర మీద ఏముందో కూడా చెప్పాలి. ఆ సర్వరుకి మన ఇళ్లలో కంప్యూటరు లాగా బొమ్మలూ బొత్తాలూ ఉండవు. ఉత్త నల్ల తెర. ఏం కావాలన్నా ఒక వరసలో టైపు చేసి ఎంటర్ మీట నొక్కాలి. కోదండం ఆసుపత్రికి పోయే ముందు రోజు సాయంత్రం, పచ్చబడ్డ కళ్లతో, ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నాడట. వెళ్లిపోతూ ఒక వరస టైపు చేసి... నొక్కకుండా వదిలేశాడు.

రెండు నెలలుగా ఆ వరస అలాగే ఉంది. చివర తెల్లటి గీత ఆరుతూ... వెలుగుతూ... ఆరుతూ. చచ్చినవాడు సగంలో ఆపిన మాట అని దాని వైపు కూడా ఎవరూ చూసేవారు కాదు.

కోదండం చోట్లో లోయిస్ చేరింది. మా పైవాటాలో ఉంటుంది. వాళ్ల నాన్న రైల్వే మనిషి, కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. చేరగానే ఆ ఖాతా తెరిచి చూస్తానందట. బొడొబాబు వద్దన్నాడు. నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియదు అన్నాడు. ఆమెకి ఇరవై ఆరేళ్లు, తెలియనిది ఆయనకి.

ఇక ఆ రాత్రి సంగతి. ఇది గోవిందరాజు చెప్పింది.

శ్రావణ అమావాస్య. పొద్దుటి నుంచీ వదలని వాన. మర్నాడు బంద్. బస్సులు ఆగిపోకముందే ఇళ్లకి చేరాలని సాయంత్రానికే ఆఫీసు ఖాళీ అయిపోయింది. మేడ మీద గోవిందరాజు ఒక్కడు. ఎనభై గజాల అవతల కాటా గదిలో బైరాగి ఒక్కడు. పదింటికి గోవిందరాజు గొడుగు వేసుకుని వెళ్లి తాళం వేసి వచ్చాడు.

పదకొండు యాభై రెండు.

టింగ్.

గోవిందరాజూ, కిందికి రా.

అతను తెర మీద పేపరు కప్పాడు. కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు. సగమే వచ్చు. ఆ సగమే మళ్లీ మళ్లీ చదివాడు.

పన్నెండు ముప్పై ఒకటి.

టింగ్.

అప్పుడు అతనికి ప్రాణం లేచి వచ్చిందట. ఎందుకంటే రెండూ అయిపోయాయి. ఇక తెల్లవారే దాకా రాదు. డబ్బా తెరిచి, మరమరాల్లో ఆవనూనె చల్లుకుని, పచ్చిమిరపకాయ నంచుకుంటూ తిన్నాడు. ఈ ముక్క అతను ధైర్యానికి గుర్తుగా చెప్పాడు.

తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. బల్ల మీద తల ఆనించాడు...

టింగ్.

ఒకటీ నాలుగు.

పేపరు కింద వెలుతురు కదిలింది. అతను పేపరు తియ్యలేదు. చెవులు తనని మోసం చేశాయనుకున్నాడు. ఒక మూల కొద్దిగా ఎత్తి చూశాడు. కోదండం పేరు... ఒకటి, రెండు, మూడు. మళ్లీ కప్పేశాడు.

నిశి మూడోసారి పిలవదు. అంటే ఇది నిశి కాదు. నిశి కాకపోతే మనిషి. మనిషైతే కోదండం. కోదండం చచ్చిపోయాడు. చచ్చిపోయినవాడు నిశి. నిశి మూడోసారి పిలవదు... ఈ దారిలో మా మరిది పావుగంట సేపు చుట్టూ తిరిగాడు.

చివరికి నియమమే గెలిచింది. మూడో పిలుపుకి పలకాలి. పలకకపోతే అదో దోషం. గొడుగు, టార్చి, తాళంచెవి తీసుకుని దిగాడు.

గోదాము పొడుగునా చీకటి. రేకుల మీద వాన. నడుస్తుంటే వెనక నుంచి తన అడుగులే వినపడి రెండుసార్లు ఆగాడు. కటకటాల దగ్గరికి వచ్చేసరికి — నీళ్ల చప్పుడు.

టార్చి వేశాడు.

అయిదు మెట్లలో మూడు కనపడటం లేదు. నల్లటి నీళ్లు. నీళ్ల మీద నిమ్మకాయలు తేలుతున్నాయి. గోడ పక్కన పంపు బోర్డు నుంచి నీలం నిప్పు చిటపటలాడుతోంది. గదికి ఆ చివర, సర్వరు తెర వెలుగులో, బల్ల మీద... ఒక తెల్లటి ఆకారం. కాళ్లు ముడుచుకుని కూర్చుంది. తల కొద్దిగా ఎత్తింది.

గొంతు లేదు. ఊపిరి మాత్రమే ఉంది.

“గోవిందూ... మెయిను ఆపు.”

మెయిన్ స్విచ్చి బయటి గోడకే ఉంది. అతని భుజానికి మూరెడు దూరంలో.

ఇక్కడ గోవిందరాజు కథ ఆపి, మంచినీళ్లు తాగి, మా ముఖాలు వరసగా చూశాడు. ఆ తరువాత చెప్పింది వినండి. నేను ఒక్క మాట కూడా కలపడం లేదు.

అతను స్విచ్చి ఆపలేదు. పలకనూ లేదు. అలాగే నిలబడ్డాడు.

ఎందుకంటే, ఆ ఆకారం ఒక్కసారే పిలిచింది.

నీళ్లు పైకి వస్తున్నాయి. నాలుగో మెట్టు అంచు తడిసింది. ఆకారం చెయ్యి ఊపింది.

“గోవిందూ... మెయిను...”

రెండు. మా మరిది కళ్లు మూసుకుని మూడోదాని కోసం ఎదురు చూశాడు.

ఎంతసేపు అని అడిగాను. ఏమో అన్నాడు. ఆ మనిషి గంట నుంచీ కటకటాలు పట్టుకుని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాడు. మూడో మాట కూడదీసుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఆ మనిషికే తెలియాలి.

“...బాబూ.”

అప్పుడు మెయిను ఆపాడు. తాళం తీశాడు. బైరాగి ఆ నీళ్లలో కుంటుకుంటూ, తడుముకుంటూ, మెట్లెక్కి వచ్చి బయట కూలబడ్డాడు.

“చూశావా వదినా,” అన్నాడు గోవిందరాజు. “ఆ రేత్రి నేను లేకపోతే బైరాగి ప్రాణం పోయేది.”

ఆఫీసు కూడా అలాగే తేల్చింది. కోదండం మంచి దెయ్యం, మూడోసారి పిలిచి మనిషిని కాపాడింది, గోవిందరాజు ధైర్యవంతుడు. కాటా గదిలో కోదండం ఫోటో పెట్టి దండ వేశారు. బైరాగి మొహాన ఒక కొత్త దుప్పటి పడేశారు.

ఈ కథ అతను మా ఇంట్లో మొదటిసారి చెప్పింది ఆ బంద్ మర్నాడు. మా పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ రాత్రి నుంచి మా చిన్నవాడు వరండా చివర బాత్రూముకి ఒంటరిగా వెళ్లడం మానేశాడు. అది పోనిమ్మనుకున్నాను. ఇంకోటి కూడా మొదలైంది. పిలిస్తే ఇద్దరూ మూడోసారి దాకా పలకడం లేదు. అన్నానికి పిలిచినా అంతే, స్నానానికి పిలిచినా అంతే. నవ్వుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

అయిదో రోజు సాయంత్రం మసక చీకట్లో వీధి మలుపు దగ్గర ఒక కంటెయినర్ లారీ వెనక్కి వస్తోంది. మా చిన్నవాడు దాని వెనకే ఉన్నాడు, బంతి కోసం. పిలిచాను. వాడు విన్నాడు, నాకు తెలుసు. మళ్లీ పిలిచాను. తల తిప్పి నావైపు చూసి — నిలబడ్డాడు. మూడో పిలుపు కోసం.

పాన్ దుకాణం అతను చెయ్యి పట్టి లాగాడు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆ రాత్రే పైకి వెళ్లి లోయిస్ తలుపు తట్టాను. నాకు నిజం కావాలన్నాను. కాగితం మీద కావాలన్నాను. బొడొబాబు వద్దన్నా సరేనా అని అడిగింది. సరేనన్నాను.

ఎనిమిది తొమ్మిది రోజులు పట్టింది. భాద్రపద మాసం, మళ్లీ వాన. మా ఆయనకి పోర్టులో రాత్రి డ్యూటీ. గోవిందరాజు భోజనానికి వచ్చాడు. చేపల పులుసుతో రెండుసార్లు వడ్డించుకుని, పిల్లలు అడిగారని ఆ కథ మళ్లీ మొదలుపెట్టాడు. నేను పైన రాసిందంతా ఈ రెండోసారి చెప్పిందే. మొదటిసారి కంటే టార్చి కొంచెం పెద్దదైంది. కథ పూర్తయ్యేసరికి పదకొండు కావస్తోంది. అప్పుడు లోయిస్ మెట్లు దిగి వచ్చింది, చేతిలో మడత పెట్టిన కాగితం.

ముందు తీరిగ్గా కూర్చుని పిల్లలకే చెప్పింది. మెయిలు పంపడానికి మనిషి కూర్చోనక్కర్లేదు. ఆ నల్ల తెర మీద ఒక వరస రాస్తే చాలు — మెయిలు అన్న మాట, విషయం, ఎవరికి. కవరు మీద చిరునామా రాసినట్టే. ఆ వరసని ఫలానా అప్పుడు నువ్వే నొక్కుకో అని సర్వరుకి అప్పగించవచ్చు. కోదండం పంపు దగ్గర రెండు ఇటుకలు పెట్టి, ఇంటి మీద ట్యాంకులో వేసే తేలే బంతుల్లాంటివి రెండు, వాటి ఎత్తులో కట్టాడు. వాటి తీగలు సర్వరుకి కలిపాడు. సర్వరు అయిదు నిమిషాలకోసారి చూసుకుంటుంది. మొదటి ఇటుక మునిగితే ఒక మెయిలు. రెండో ఇటుక మునిగితే ఇంకోటి. పోటు అమావాస్యకీ పౌర్ణమికీ వస్తుంది కాబట్టి మెయిళ్లూ అప్పుడే.

“మరి ముందు రాలేదేటి?” అన్నాడు గోవిందరాజు.

ముందూ వచ్చేవి. కోదండానికే వచ్చేవి. అర్ధరాత్రి వాట్‌గంజ్ నుంచి సైకిలు మీద వచ్చి చూసుకుని పోయేవాడు. ఆసుపత్రికి పోయే ముందు రోజు, ఇక తను రాలేనని, ఆ రాత్రి డ్యూటీ ఎవరిదైతే వాళ్ల పేరు పట్టికలోంచి తీసుకుని వాళ్లకి పంపేట్టు మార్చాడు. ‘నీటి మట్టం హెచ్చరిక’ అని రాస్తే ఎవరూ లేవరని, పేరు పెట్టి, వాళ్ల వాళ్ల భాషలో రాశాడు. నిద్రలో ఉన్నవాడికి తన భాషలో తన పేరు చూస్తే మెలకువ వస్తుందని.

లోయిస్ కాగితం విప్పింది. మా అమ్మాయి అరుంధతికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే. కాని ఇది ఇంగ్లీషు అక్షరాల తెలుగు. గడగడా చదివింది.

“నీళ్లు మొదటి ఇటుక దాటాయి. పంపు తిరుగుతోందా చూడు. తిరగకపోతే మెయిను ఆపి మూతిలో పీచు తియ్యాలి. బైరాగిని ఒక్కణ్ణే నీళ్లలో దింపకు. అతని కాలు బాగాలేదు.”

రెండోది కూడా అంతే. చివర ఒక ముక్క ఎక్కువ. ‘దయచేసి.’

గోవిందరాజు ముల్లు ఏరుకుంటున్నట్టు ఖాళీ కంచంలో వేలు తిప్పాడు.

“ఇటుకలు రెండే కదా. మరి మూడోది ఎవులు పంపారు?” అన్నాడు. గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది.

దానికి జవాబు బైరాగి దగ్గర ఉంది. రెండు నెలలుగా ఉంది. లోయిస్ వెళ్లి అడిగింది, అతను చెప్పాడు. కోదండం ఆ సాయంత్రం అతన్ని తెర దగ్గరికి తీసుకెళ్లి, వరస అంతా తనే టైపు చేసి, ఒక్క మీట చూపించాడట. రెండో ఇటుక మునిగి, పంపు ఆగి, ఎవరూ రాకపోతే, ఇది నొక్కు, ఇంకేమీ ముట్టుకోకు అన్నాడట. ఆ రాత్రి దాకా ఎప్పుడూ పంపు ఆగలేదు. ఆ రాత్రి ఆగింది. కటకటాల దగ్గర గొంతు పోయాక బైరాగి మోకాటి లోతు నీళ్లలో వెనక్కి వెళ్లి ఆ మీట నొక్కాడు. అప్పుడే బోర్డులో నిప్పు లేచింది. ఇక నీళ్లలోకి దిగలేక బల్ల ఎక్కాడు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు తాతా అని లోయిస్ అడిగితే —

“నన్నెవులడిగినారమ్మా?” అన్నాడట.

“మూడోది చదవనా?” అంది అరుంధతి. చదివింది.

“ఇది పంపింది నేను కాదు. నేను ఉండకపోవచ్చు. ఇది నొక్కింది బైరాగి. పరిగెత్తు.”

బయట వాన చప్పుడు. మా చిన్నవాడు మెల్లగా లేచి, ఒంటరిగా, వరండా చివరికి వెళ్లి వచ్చాడు. నేను అందరికంటే ముందు అదే చూశాను.

గోవిందరాజు చెయ్యి కడుక్కున్నాడు. ఇందులో తను తప్పు చేసింది ఏమిటో తనకి ఇంకా బోధపడలేదని అతని వీపు చూస్తేనే తెలుస్తోంది. తప్పంతా పంపుది.

“ఆ వరస మళ్లీ టైపు చేసి పెట్టాను. బొడొబాబు తాళం కూడా తీయించేస్తానన్నారు,” అంది లోయిస్.

“తియ్యమని నాకు సెప్పనేదు,” అన్నాడు గోవిందరాజు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. “మంచి దెయ్యమైనా దెయ్యమే కదా అన్నారు.”

గోవిందరాజుకి ఆ రాత్రి కూడా డ్యూటీ ఉందనీ, పక్క సెక్షను మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి భోజనానికి వచ్చాడనీ నాకు అప్పుడు తెలిసింది. వాన ఎక్కువవుతుందని, పది దాకా ఆగకుండా ఎనిమిదింటికే తాళం వేసి వచ్చేశాడట.

అరుంధతి కాగితం మడత పెడుతూ అడిగింది.

“బాబాయ్, తాళంచెవి ఎక్కడుంది?”

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

గోడ మీద కేలెండరు ఉంది. నేను చూశాను. గోవిందరాజు కూడా చూశాడు.

పౌర్ణమి.

లోయిస్ అప్పటికే గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. అతని వైపు చెయ్యి చాపి, ఒక్కసారే పిలిచింది.